పిస్కిలమ్మ కృతజ్ఞత కూటం

దిండు సర్దుకున్నావా బంగారూ? కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఇంక విను.

అనగా అనగా, కృష్ణానది రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట ఒక లంక ఉండేది. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. ఆ లంకలో అరటి తోటలు, కంద చేలు, ఒక చిన్న బడి, తాటాకు కప్పిన ఒక గుడి. గుడి అంటే మన ప్రార్థన గుడే. ఉప్పు కావాలన్నా, మందు కావాలన్నా, ఎవరైనా సరే పడవెక్కి ఏరు దాటాల్సిందే.

ఆ లంకలో ఒకామె ఉండేది. పేరు ప్రిస్కిల్ల. బాప్తిస్మం ఇచ్చినప్పుడు గుడి పాస్టరు అయ్యగారు పెట్టిన పేరు అది. ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని లంకంతా పిస్కిలమ్మ అనేవాళ్ళు. ఆమె మొగుడు జకరయ్య. లంకలో ఉన్న రెండు పడవల్లో చిన్న పడవ ఆయనది. వాళ్ళకు ఒక్కతే కూతురు, రిబ్కా. తొమ్మిదేళ్ళది. నీకంటే ఒక్క ఏడాది పెద్దదనుకో.

రోజూ దీపం పెట్టే వేళకు ముగ్గురూ చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళు. పాట పాడేవాళ్ళు, వాక్యం చదువుకునేవాళ్ళు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కొక్క స్తోత్రం చెప్పాలి. అంటే ఆ రోజు దేవుడు చేసిన ఒక మేలు తలుచుకుని, దానికి థాంక్స్ చెప్పాలన్నమాట. అయితే పిస్కిలమ్మ ఒక నియమం పెట్టింది. నిన్న చెప్పింది ఈ రోజు చెప్పకూడదు.

జకరయ్యకు ఆ నియమంతో పెద్ద చిక్కు. "అన్నం తిన్నాం, స్తోత్రం" అనేవాడు.

"అది మొన్న చెప్పావయ్యా" అనేది పిస్కిలమ్మ.

"మొన్న పప్పుతో తిన్నాం. ఇవాళ పులుసుతో తిన్నాం."

రిబ్కా నోరు మూసుకుని నవ్వేది. ఆ పిల్లకు మాత్రం ఎప్పుడూ కొరత లేదు. పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది, స్తోత్రం. బళ్ళో పంతులుగారు నా లెక్కకు రైటు కొట్టారు, స్తోత్రం. పన్ను ఊడింది గాని నొప్పి పుట్టలేదు, స్తోత్రం.

వాళ్ళ పక్కిల్లు నాగరత్నమ్మది. మంచి మనిషే, కాకపోతే మాట కారం. దడి అవతల బట్టలారేసుకుంటూ ఇవన్నీ వినేది. విని, "పన్ను ఊడినా స్తోత్రమేనా పిస్కిలమ్మ వదినా? మీ దేవుడికి మీ ఇంట్లో పళ్ళు లెక్కపెట్టుకునే పనా?" అనేది. పిస్కిలమ్మ నవ్వి ఊరుకునేది. వాళ్ళు వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళు. అయినా ఒకింటి మజ్జిగ ఇంకో ఇంటికి దడి మీదుగానే వెళ్ళేది.

ఇలా ఉండగా ఒక ఏడాది శ్రావణమాసంలో కృష్ణకు వరద వచ్చింది.

పై నుంచి ఎర్రనీళ్ళు దిగాయి. లంక జనమంతా బడి మెట్ట మీదికి ఎక్కారు. రెండు రోజులు అక్కడే ఉన్నారు. మూడోనాడు నీళ్ళు తీశాయి. అప్పుడు దిగి చూసుకున్నారు. పిస్కిలమ్మా జకరయ్యా కౌలుకు తీసుకుని వేసిన అరటితోట లేదు. గెలలు కోతకొచ్చిన తోట. వారం ఆగితే కోసేవాళ్ళు. ఒక్క చెట్టు నిలబడలేదు. బురదలో ఆకులు మాత్రం అక్కడక్కడా పైకి తేలి ఉన్నాయి.

జకరయ్య గట్టు మీద కూలబడిపోయాడు. పిస్కిలమ్మ తోటంతా తిరిగి, ఒక పడిపోయిన చెట్టు పక్కన కూర్చుని బాగా ఏడ్చింది. దాచుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకోలేదు. అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

సాయంత్రం దీపం పెట్టారు. ప్రార్థన అయింది. స్తోత్రాల వంతు వచ్చింది. జకరయ్య తల వంచుకుని కూర్చున్నాడు. రిబ్కా తల్లి వైపు చూసింది.

"అమ్మా, తోట పోయినందుకు కూడా స్తోత్రం చెప్పాలా?"

"పోయినందుకు ఎవరు చెబుతారే? ఆయన అడగడు కూడా" అంది పిస్కిలమ్మ. "నేను పొద్దుట ఏడ్చాను, చూశావుగా. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇంటికొస్తుంటే గుడి కంచె మీద మన సొరపాదు కనిపించింది. నీళ్ళు కంచె పై దాకా రాలేదు. దానికి రెండు కాయలున్నాయి. అందుకు చెబుతాను. ప్రభువా, సొరపాదు ఉంచావు, స్తోత్రం."

అప్పుడు జకరయ్య తలెత్తాడు. "పడవ తాడు తెగలేదు" అన్నాడు. కాసేపాగి, "స్తోత్రం" అన్నాడు.

ఆ రాత్రి సొరకాయ పులుసు వండుకుని తిన్నారు.

తోట పోయినా పడవ ఉంది కదా అనుకున్నారు. జకరయ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవ నడిపేవాడు. బడికి వచ్చే పంతులుగార్ని, కూలికి పోయే ఆడవాళ్ళని, పాలక్యాన్లని అటూ ఇటూ దాటించేవాడు. మెల్లగా కాళ్ళూచేతులూ కూడదీసుకుంటున్నారు.

ఆ తర్వాత కార్తీకంలో రెండో దెబ్బ తగిలింది.

ఆ రోజు పెద్ద పడవ రేవుకి వస్తోంది. జకరయ్య తన పడవ తాడు కట్టడానికి నీళ్ళలో దిగి నిలబడ్డాడు. పెద్ద పడవ ఉన్నట్టుండి పక్కకు తిరిగింది. రెండు పడవల మధ్య జకరయ్య కుడి భుజం ఇరుక్కుంది. ఏటి అవతల ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఎముక అతుక్కుంటుంది గాని చెయ్యి మునుపటిలా లేవదని డాక్టరుగారు చెప్పారు.

పడవ నడిపేవాడికి కుడి భుజం లేవకపోతే ఎలా చెప్పు? పడవ రేవులో ఖాళీగా ఊగుతోంది. జకరయ్య దాన్ని చూడలేక వీపు అటు తిప్పి కూర్చునేవాడు.

నాలుగు రోజులు చూసింది పిస్కిలమ్మ. అయిదో రోజు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తెడ్డు భుజాన వేసుకుని రేవుకి వెళ్ళింది. పడవలోకి ఎక్కి తాడు విప్పింది.

తెడ్డు వేసిందో లేదో పడవ గుండ్రంగా తిరిగింది. ఇంకోసారి వేసింది. ఇంకోసారి తిరిగింది. రేవులో గేదెల్ని కడుగుతున్న మగవాళ్ళు పని మానేసి నవ్వారు. "పిస్కిలమ్మా, ఏరు దాటుతున్నావా, గానుగ ఆడిస్తున్నావా?" అని ఒకడు కేకేశాడు. పంతులుగారు అవతలి ఒడ్డున నిలబడి ఆమెను చూసి, గొడుగు చంకలో పెట్టుకుని, పెద్ద పడవ వచ్చేదాకా ఆగుతానన్నారు.

పిస్కిలమ్మ తెడ్డు వదల్లేదు. మధ్యాహ్నం దాకా అలాగే తిరిగింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

సాయంత్రం ప్రార్థనలో తన వంతు వచ్చినప్పుడు ఆమె ఇలా అంది. "ప్రభువా, ఇవాళ పడవ గుండ్రంగా చాలాసార్లు తిరిగింది. ఒక్కసారి కూడా బోల్తా పడలేదు. స్తోత్రం."

అది విని జకరయ్యకు నవ్వొచ్చింది. దెబ్బ తగిలాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వితే భుజం నొప్పి పుట్టి "అబ్బా" అన్నాడు. మళ్ళీ నవ్వాడు. మర్నాడు తనే ఆమె వెంట రేవుకి వెళ్ళాడు. ఒడ్డున నిలబడి, "తెడ్డు నిలువుగా దించు. ఒళ్ళు వెనక్కి వాల్చు. నీళ్ళతో పోట్లాడకు, వాటిని వెనక్కి తోసెయ్" అని చెప్పాడు.

నెల తిరిగేసరికి ఆమె పడవ ఏరు దాటింది. రెండు నెలలకు పాలక్యాన్లు ఎక్కాయి. మూడో నెలలో పంతులుగారు వచ్చి, గొడుగు మూసి ఆమె పడవలో కూర్చున్నారు. ఆ రోజు సాయంత్రం ఏ స్తోత్రం చెప్పిందో నువ్వే ఊహించుకో.

ఇంక అంతా సర్దుకుందనుకునేలోపు మూడోది వచ్చింది. ఇది అన్నిటికంటే పెద్దది.

రిబ్కాకు జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు. మెడ బిగుసుకుపోయి, ఒళ్ళు పెనంలా కాలిపోయింది. పిస్కిలమ్మ బిడ్డను పడవలో పడుకోబెట్టుకుని తనే ఏరు దాటించి ఆసుపత్రిలో చేర్చింది. పదిహేను రోజులున్నారు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. గుడిలో వాళ్ళందరూ ఉపవాసం ఉన్నారు. నాగరత్నమ్మ కూడా వాళ్ళ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పిల్ల బతికింది.

ఇంటికి తీసుకొచ్చారు. అప్పుడు తెలిసింది. పిస్కిలమ్మ వెనకనుంచి "రిబ్కా" అని పిలిచింది. పిల్ల తిరగలేదు. గట్టిగా పిలిచింది. తిరగలేదు. ఇత్తడి బిందె కింద పెట్టిన చప్పుడుకు జకరయ్య ఉలిక్కిపడ్డాడు గాని రిబ్కా ఉలిక్కిపడలేదు.

జ్వరం రెండు చెవుల్నీ తీసుకుపోయింది బంగారూ. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. ఇంక వినపడదమ్మా అన్నారు.

ఆ రోజు సాయంత్రం దీపం పెట్టారు. పాట పాడలేదు. వాక్యం జకరయ్య చదివాడు. స్తోత్రాల వంతు వచ్చింది. పిస్కిలమ్మ నోరు తెరవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. తోట పోయినప్పుడు ఏడ్చిన మనిషి ఇప్పుడు ఏడవను కూడా లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పడవ నడిపేది, వంట చేసేది, ప్రార్థనకు కూర్చునేది. స్తోత్రం మాత్రం ఆమె నోట రాలేదు.

జకరయ్య ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె వంతు వచ్చినప్పుడు, "ప్రభువా, పిస్కిల తరఫున కూడా నేనే చెబుతున్నాను, ఏమీ అనుకోకు" అనేవాడు. చెప్పడం రాని మనిషి రోజూ రెండు స్తోత్రాలు వెతుక్కునేవాడు.

ఇలా ఒక వారం గడిచింది. ఎనిమిదో రోజు ప్రార్థనలో రిబ్కా చాప మీద జరిగి జరిగి తల్లి దగ్గరికొచ్చింది. వచ్చి, తన అరచెయ్యి తల్లి గొంతు మీద పెట్టింది.

చిన్నప్పుడు నువ్వు నా గొంతు మీద చెయ్యి పెట్టి, పాట పాడమని, లోపల గుర్రుమంటోందని నవ్వేదానివి, గుర్తుందా? అలాగన్నమాట. ఆ పిల్లకు చెవులకు వినపడకపోయినా చేతికి తెలిసేది.

చెయ్యి పెట్టి కాసేపు చూసింది. తర్వాత అడిగింది. "అమ్మా, నాన్న గొంతు కదిలింది. నీది కదలట్లేదేం? నువ్వు చెప్పడం మానేశావా?"



"నేను వినలేననా?" అంది రిబ్కా.

అప్పుడు పిస్కిలమ్మకు ఏడుపొచ్చింది. వారం రోజులుగా లోపల గడ్డకట్టుకుపోయిన ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. ఏడుస్తూనే, పిల్ల చెయ్యి తన గొంతు మీదనుంచి జారిపోకుండా పట్టుకుని అంది. "ప్రభువా, ఎందుకిలా చేశావో నాకు తెలీదు. అడిగితే నువ్వు చెప్పలేదు. అయినా నా బిడ్డ చెయ్యి నా గొంతు మీద ఉంది. వెచ్చగా ఉంది. స్తోత్రం."

రిబ్కా చేతికి అందిన ఆ మాట ఏమిటో ఆ పిల్లకు తెలియదు. గొంతు కదిలిందని మాత్రం తెలిసింది. అది చాలనుకుంది. వెళ్ళి తన చోట కూర్చుంది.

ఆ తర్వాత నెలలు గడిచాయి. రిబ్కా బళ్ళో ముందు బల్ల మీద కూర్చుని పంతులుగారి పెదవులు చూస్తూ పాఠాలు నేర్చుకోసాగింది. ఎండాకాలం వెళ్ళింది. మళ్ళీ శ్రావణం దగ్గరపడింది. ఒకరోజు అన్నం తింటూ పిస్కిలమ్మ అంది.

"ఏమయ్యా, వరదొచ్చి ఏడాది తిరిగింది. వచ్చే శనివారం మనింట్లో కృతజ్ఞత కూటం పెట్టుకుందాం."

జకరయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. కృతజ్ఞత కూటం అంటే తెలుసు కదా? మన చిన్నమామయ్యకు ఉద్యోగం వచ్చినప్పుడు పెట్టామే, అది. ఇల్లు కట్టుకున్నా, జబ్బు తగ్గినా, పంట పండినా పెట్టుకుంటారు.

"ఏం చూసుకుని పెడదామే కూటం?" అన్నాడు జకరయ్య. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

"ముగ్గురం ఉన్నాం కదా" అంది పిస్కిలమ్మ.

ఈ సంగతి లంకంతా పాకింది. నాగరత్నమ్మ దడి దగ్గరికొచ్చింది. "వదినా, నేను విన్నది నిజమేనా? ఈ ఏడాది మీకు కలిసొచ్చింది ఒక్కటి చెప్పు. ఒక్కటంటే ఒక్కటి. నేను ఊరంతా పిలుచుకొస్తాను" అంది.

"నువ్వు వస్తే చాలు వదినా" అంది పిస్కిలమ్మ.

"నాకెక్కడ కుదురుతుంది? మా పున్నమ్మకు నెలలు నిండాయి" అంది నాగరత్నమ్మ. పున్నమ్మ ఆమె కూతురు. మొదటి కాన్పుకని పుట్టింటికి వచ్చింది.

శనివారం వచ్చింది. పిస్కిలమ్మ పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గేసింది. మధ్యాహ్నానికి పొయ్యి మీద ముద్దపప్పు దించింది. గోంగూర వేగుతోంది. అయ్యగారికి, గుడిలో ఇరవై ముప్ఫై మందికి సరిపోయేలా బియ్యం కడిగి పెట్టింది. అప్పుడు వీధి తలుపు దబాలున తెరుచుకుంది.

నాగరత్నమ్మ. జుట్టు విడిపోయి ఉంది. "వదినా, పున్నమ్మకు నొప్పులు. పొద్దున్నుంచీ పడుతోంది. మంత్రసాని చేతులెత్తేసింది. బిడ్డ అడ్డం తిరిగిందట. ఆసుపత్రికి తీసుకుపొమ్మంటోంది."

"పెద్ద పడవ?"

"మగాళ్ళందరూ సంతకని పొద్దున్నే దాన్నేసుకుని పోయారు. మా ఆయన కూడా వెళ్ళాడు. నీళ్ళు పెరిగేసరికి వాళ్ళు అవతలే ఆగిపోయినట్టున్నారు." ఆమె ఏటి వైపు చెయ్యి చూపించింది. "ఏరు చూశావా? ఎర్రగా ఉంది వదినా. నిన్ను ఎక్కించుకెళ్ళమని అడగడానికి నాకు నోరు రావట్లేదు."

పిస్కిలమ్మ గోంగూర కుండ పొయ్యి మీదనుంచి కిందికి దించింది. తెడ్డు అందుకుంది. జకరయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. "చుక్కాని నేను పడతాను. ఎడంచెయ్యి బాగానే ఉందిగా" అన్నాడు. రిబ్కాను అయ్యగారి భార్యకు అప్పజెప్పి బయల్దేరారు.

పున్నమ్మను మంచం మీద మోసుకొచ్చి పడవలో పడుకోబెట్టారు. నాగరత్నమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రేవులో ఉన్న ఆడవాళ్ళంతా చూస్తూ నిలబడ్డారు. ఎవ్వరూ నవ్వలేదు.

తాడు విప్పగానే ఏరు పడవను లాగేసింది. ఎదురుగా దాటడం కుదరదని జకరయ్యకు తెలుసు. "ఏటవాలుగా పోనియ్. ఎక్కడ తేలితే అక్కడ తేలుదాం. ఒడ్డు ముఖ్యం, రేవు కాదు" అన్నాడు. పిస్కిలమ్మ తెడ్డు నిలువుగా దించి ఒళ్ళు వెనక్కి వాల్చింది.

నడి ఏటికి వచ్చేసరికి పైనుంచి ఒక పెద్ద తుమ్మ మొద్దు కొట్టుకొస్తూ కనిపించింది. జకరయ్య ఎడంచేత్తో చుక్కాని తిప్పాడు. తిరగలేదు. అప్పుడు లేవని కుడిచెయ్యి కూడా వేసి, ఛాతీతో తోశాడు. పడవ ఒరిగింది. నీళ్ళు లోపలికి వచ్చాయి. మొద్దు పక్కనుంచి జారుకుంటూ వెళ్ళిపోయింది.

నాగరత్నమ్మ కళ్ళు మూసుకుంది. "వదినా, మీ దేవుడికి చెప్పు" అంది.

"చెబుతూనే ఉన్నాను వదినా. చేతులు ఖాళీ లేవు గాని నోరు ఖాళీయే కదా" అంది పిస్కిలమ్మ.

నిజంగానే ఆమె పెదవులు ఆడుతున్నాయి. నాగరత్నమ్మ చెవి పెట్టి విన్నది. ఒడ్డుకు చేర్చు, కాపాడు అని మొక్కుతోందేమో అనుకుంది. పిస్కిలమ్మ ఏమంటోందో తెలుసా? తెడ్డు ఒక్కసారి వేసి, "ఇంత దూరం దాటించావు, స్తోత్రం." ఇంకోసారి వేసి, "ఇంకొంచెం దాటించావు, స్తోత్రం." దాటాల్సిన నీళ్ళ వైపు ఆమె చూడటమే లేదు. దాటిన నీళ్ళు లెక్కపెట్టుకుంటోంది. కాసేపటికి నాగరత్నమ్మ తనకు తెలియకుండానే ప్రతి తెడ్డుకూ తల ఊపడం మొదలుపెట్టింది.

రేవుకు ఒక మైలు దిగువన, రెల్లు దుబ్బుల్లో పడవ ఒడ్డుకు తగిలింది. అక్కడ పొలంలో ఒకాయన ఎద్దులబండి కట్టుకుని ఉన్నాడు. సంగతి చూసి బండిలో గడ్డి దించేసి పున్నమ్మను ఎక్కించుకున్నాడు. ఆసుపత్రికి చేరిన గంటకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని నర్సమ్మ చెప్పింది.

పిస్కిలమ్మ ఆసుపత్రి అరుగు మీద కూర్చుంది.   జకరయ్య ఆమె రెండు చేతుల్నీ తన ఎడంచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఒక ఆడమనిషి ఈ వరదలో ఏరు దాటిందన్న మాట అవతలి రేవులో ఆగిపోయిన మగవాళ్ళకు తెలిసింది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయంత్రానికి నీటి వేగం కాస్త తగ్గింది. అప్పుడు పదిమంది తెడ్లు అందుకుని, చిన్న పడవను రేవు దాకా ఈడ్చుకొచ్చి, పెద్ద పడవ వెనక కట్టి, పిస్కిలమ్మనూ జకరయ్యనూ లంకకు తీసుకొచ్చారు. గానుగ ఆడిస్తున్నావా అని కేకేసినవాడే ముందు తెడ్డు వేశాడు.

పొద్దు వాలే వేళకు దిగారు. కూటం సంగతి గుర్తొచ్చి పిస్కిలమ్మ కంగారు పడింది. అన్నం వండలేదు, అయ్యగారు వచ్చి వెళ్ళిపోయి ఉంటారు అనుకుంటూ గబగబా నడిచింది.

వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది. వాకిలంతా జనం. లంకలో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని చాపలూ అక్కడే పరిచి ఉన్నాయి. ఆమె కడిగి పెట్టిన బియ్యం ఎవరో వండారు. అది చాలదని ఎవరింటి బియ్యం వాళ్ళు తెచ్చి ఇంకో రెండు డేగిశాలు వండారు. ఒకామె ఆవకాయ జాడీ తెచ్చింది. ఒకామె పెరుగు కుండ తెచ్చింది. గుడికి ఎప్పుడూ రానివాళ్ళు దడి వార నిలబడి ఉన్నారు.

అయ్యగారు ప్రార్థన చేశారు. పాట పాడారు. ఆ తర్వాత ఆయన అడిగారు. "ఏ మేలును బట్టి ఈ కూటం పెట్టుకున్నావో నలుగురికీ చెప్పమ్మా."

ఏరు దాటిన సంగతే చెబుతుందని అందరూ చెవులు రిక్కించారు.

పిస్కిలమ్మ తడిసిన చీరతోనే లేచి నిలబడింది. "అయ్యగారూ, ఈ కూటం అనుకున్నది వారం కిందట. అప్పటికి ఏరు దాటలేదు. ఆ పాప పుట్టలేదు. ఈ ఏడాది మా తోట పోయింది. ఈయన చెయ్యి పోయింది. మా పిల్లకు చెవులు పోయాయి. ఒక వారం రోజులు నా నోట్లో స్తోత్రం కూడా పోయింది. అన్నీ పోయాయి గాని ఆయన మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. నేను పలకనప్పుడు కూడా వచ్చి మాతో కూర్చున్నాడు. అందుకని పెట్టుకున్నాను." అంతే. ఆ మాట చెప్పి కూర్చుంది.

 అప్పుడు దడి వారనుంచి నాగరత్నమ్మ మొగుడు కోటయ్య ముందుకొచ్చాడు. మనవరాలిని చూసి, పడవలో వీళ్ళతోపాటే వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయ్యా, మీ పద్ధతి నాకు తెలీదు. మా ఆవిడ ఆసుపత్రిలో ఉండిపోయింది. నా తరఫున కూటానికి పోయి ఒక మాట చెప్పి రా అంది. నాకు చెప్పడం రాదు" అన్నాడు. తువ్వాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నా కూతురు బతికింది. స్తోత్రం. ఇలాగేనా చెప్పేది?"

"అలాగే నాయనా" అన్నారు అయ్యగారు.

అది విని ఇంకొకాయన లేచాడు. ఇంకొకామె లేచింది. ఎవరి మేలు వాళ్ళు చెప్పుకున్నారు. గేదె ఈనిందని ఒకరు, కొడుకు ఉత్తరం రాశాడని ఒకరు, ఈసారి వరద వాకిలి దాకా రాలేదని ఒకరు. ఆ తర్వాత అందరూ వరసగా కూర్చుని ముద్దపప్పు, గోంగూర, ఆవకాయ వేసుకుని అన్నం తిన్నారు. జకరయ్య ఎడంచేత్తో వడ్డించాడు.

ఏంటి, ఇంకా నిద్ర రాలేదా? ఏం అడుగుతున్నావు?

రిబ్కాకు మళ్ళీ చెవులొచ్చాయా అనా? రాలేదు బంగారూ. నేను పుట్టింది ఆ లంకలోనే. నా చిన్నప్పటికి ఆమె పెద్దదైపోయింది. మా అందరికీ గౌన్లు ఆమే కుట్టేది. మనం చెప్పేది పెదవులు చూసి ఇట్టే పట్టేసేది. ఆదివారం గుడిలో స్తోత్రాలు చెప్పేటప్పుడు మాత్రం అందరికంటే గట్టిగా ఆమే చెప్పేది. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలీదు కదా. కప్పు మీద పిట్టలు లేచిపోయేవి. రేవులో పడవ వాళ్ళు అక్కడే తలపాగా తీసేవాళ్ళు. అయ్యగారు ఒక్కనాడు కూడా మెల్లగా చెప్పమనలేదు.

సరే, కళ్ళు మూసుకో. నీ స్తోత్రం నువ్వు లోపల చెప్పుకో. నాది నేను చెప్పుకుంటాను.

పడవ వెళ్ళె రేవుకి,
పిట్ట వెళ్ళె గూటికి,
స్తోత్రమేమో పైకి,
నిద్ర నీ కంటికి,
కథ వెళ్ళె కంచికి,
మనమేమో పక్కకి.